కొత్త బిచ్చగాడూ, ఉచిత పాయింట్లూ

"అన్నా, ట్రెయిట్స్ ఏం పెట్టుకోమంటావ్?" అని మా కాలేజీ జూనియరొకడు ఆ మధ్య ఒక శుక్రవారం రాత్రి మెసేజ్ పెట్టాడు. ప్రాజెక్ట్ జోంబాయిడ్ అనే ఆట కొనుక్కున్నాడట. నేను చాన్నాళ్ళుగా ఆడుతున్నానని తెలుసు గనక నన్నడిగాడు. నాకప్పుడు ఆఫీసు పనేదో నెత్తి మీదుంది. నేను వాడే జాబితా నోట్‌ప్యాడ్‌లో రాసి పెట్టుకునుంటే అదే కాపీ కొట్టి పంపించేసి, "ఇది పెట్టుకో, తిరుగులేదు" అని కూడా తగిలించా. శనివారం మధ్యాహ్నం లేచి చూస్తే వాడి దగ్గర్నుంచి రెండే ముక్కలు: "ఐదు సార్లు చచ్చానన్నా. ఈ ఆట నాకు సెట్టవ్వదు."

ఈ ఆటలో చావడం వింతేమీ కాదు. చావకుండా ఆడిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. కానీ "నాకు సెట్టవ్వదు" అన్న మాట మాత్రం గుచ్చుకుంది. ఎందుకంటే వాణ్ణి ఐదు సార్లు చంపింది జాంబీలు కాదేమో, నా జాబితానేమో అని అనుమానమొచ్చింది. ఆ అనుమానం నిజమేనని తేలాక రాస్తున్న టపా ఇది.

ఈ ఆట సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ది ఇండీ స్టోన్ అని ఒక చిన్న సంస్థ తయారు చేసిన ఆట ఇది. 2011లో మొదటి రూపం బయటికొచ్చింది, 2013 నవంబరులో స్టీమ్‌లో ఎర్లీ ఏక్సెస్ కింద పెట్టారు. 2021 డిసెంబరులో బిల్డ్ 41 అనే పెద్ద మార్పు వచ్చాక జనం విరగబడ్డారు. 2024 డిసెంబరులో బిల్డ్ 42ని పరీక్షల కోసం వదిలారు. కథాస్థలం అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, కాలం 1993 జులై. మల్‌డ్రా, వెస్ట్ పాయింట్ అనేవి కెంటకీలో నిజంగా ఉన్న ఊళ్ళే. రోజ్‌వుడ్, రివర్‌సైడ్ లాంటివి ఆట కోసం కల్పించినవి. ఊళ్ళ నిండా జాంబీలు. మీరు మామూలు మనిషి. తిండి, నీళ్ళు, నిద్ర, గాయాలు, దిగులు, భయం అన్నీ లెక్కలోకొస్తాయి. గెలుపనేది లేదు. నువ్వెలా చచ్చావో చెప్పే కథ ఇది అని మొదట్లోనే మొహమ్మీద చెప్పేస్తుంది ఆట. చచ్చిన మనిషి మళ్ళీ లేవడు. లేచినా జాంబీగానే లేస్తాడు :-) అదే లోకంలో ఇంకో మనిషిని పుట్టించుకుని, మీ పాత మనిషి ఎక్కడో తిరుగుతుంటే వెళ్ళి వాడి సంచీ తిరిగి సంపాదించుకోవచ్చు కూడా.

ఇహ అసలు విషయానికొస్తే... ఆట మొదలవ్వకముందు ఒక తెర వస్తుంది. మీ మనిషి ఏ ఉద్యోగం చేసేవాడు, వాడికేం సుగుణాలున్నాయి, ఏం అవలక్షణాలున్నాయి అనేది అక్కడ తేల్చుకోవాలి. ప్రతిదానికీ ధర ఉంటుంది. సుగుణం కావాలంటే పాయింట్లు ఖర్చవుతాయి, అవలక్షణం నెత్తికెత్తుకుంటే పాయింట్లు వస్తాయి. ఉద్యోగాల్లో కూడా అంతే. నిరుద్యోగికి 8 పాయింట్లు చేతిలో పెడతారు, అగ్నిమాపక ఉద్యోగికి సున్నా, మాజీ సైనికుడికైతే మన దగ్గర్నుంచే 8 లాక్కుంటారు. వెరసి లెక్క సున్నా కంటే తగ్గితే ఆట మొదలవ్వదు. (ఈ టపాలో అంకెలన్నీ బిల్డ్ 41వి. 42లో కొన్ని ధరలు మార్చారు, కాబట్టి అందులో ఇవే అంకెలు వెతక్కండి.)

మనవాళ్ళకి ఇలాంటి తెర కనిపిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆప్టిమైజేషన్ జ్వరం పట్టుకుంటుంది. నాకూ పట్టుకుంది. ఎన్నో రాత్రుళ్ళు కూర్చుని, ఎంతమందినో చంపుకుని తయారు చేసుకున్న జాబితా నాది. అగ్నిమాపక ఉద్యోగి. అవలక్షణాల్లో స్మోకర్ 4, థిన్ స్కిన్డ్ 8, స్లో హీలర్ 6, కాన్‌స్పిక్యుయస్ 4, వీక్ స్టమక్ 3. మొత్తం 25 వచ్చాయి. వాటితో అథ్లెటిక్ 10, స్ట్రాంగ్ 10, గ్రేస్‌ఫుల్ 4 కొన్నాను. ఒకటి మిగిలింది. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. మనిషి గుర్రంలా పరిగెత్తుతాడు, ఎద్దులా మోస్తాడు, పిల్లిలా నడుస్తాడు. బదులుగా నేనిచ్చిందేంటి? చర్మం పల్చన, గాయాలు నెమ్మదిగా మానతాయి, జాంబీల కంట్లో తొందరగా పడతాడు. ఐతే ఏంటి? దెబ్బ తగిలితే కదా!

సరిగ్గా ఆ "తగిలితే కదా" దగ్గరే ఉంది తిరకాసంతా.

శనివారం రాత్రి వాణ్ణి స్క్రీన్ షేర్ పెట్టమని, పక్కనే కూర్చున్నట్టు చూశాను. మల్‌డ్రాలో ఒక ఇంట్లో మొదలయ్యాడు. వంటగదిలో కత్తి దొరికింది, హుషారొచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్లేదు, నేరుగా వీధిలోకి పరిగెత్తాడు. నడవాల్సిన చోట కూడా పరుగే. రెండు వీధులు దాటేసరికి ఆయాసం. ఆయాసంలో కొట్టిన దెబ్బకి బలముండదు. ఎదురుగా ఉన్న ఒక్కదాంతో కుస్తీ పడుతుంటే వెనకనుంచి ఇంకోటి వచ్చింది. వాడు వెనక్కి చూడనే లేదు. చర్మం పల్చన కదా, పట్టీ పట్టగానే భుజం చీరుకుపోయింది.

ఈ ఆటలో గాయాల లెక్కేంటంటే, మామూలు గోటి గీతతో జాంబీ రోగం అంటుకునే అవకాశం నూటికి 7, లోతుగా చీరుకుంటే 25, కొరికితే 100. థిన్ స్కిన్డ్ ఉంటే ఆ గీతలూ చీరుళ్ళూ పడే అవకాశమే ఎక్కువవుతుంది. అంటే లాటరీ టికెట్లు ఎక్కువ కొంటున్నట్టు, తగిలేది మాత్రం చావు. వాడు గాయానికి కట్టు కట్టుకుని ఇంకో ఇంట్లో దాక్కున్నాడు. స్లో హీలర్ కాబట్టి అది మానదు. పక్కింటి జాంబీ కిటికీలోంచి చూసింది. కాన్‌స్పిక్యుయస్ కాబట్టి చూడక ఏం చేస్తుంది! పది నిమిషాల్లో ఆరో చావు. నేను ముచ్చటపడి ఎంచుకున్న అవలక్షణాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చి వాణ్ణి తీసుకుపోయాయి.

"చూశావా అన్నా, ఇదీ వరస" అన్నాడు. చూశాను. చూస్తే నాకర్థమైంది ఇదీ.

ఆట తెర మీద థిన్ స్కిన్డ్ ధర అందరికీ ఒకటే, 8 పాయింట్లు. కానీ దాన్ని చెల్లించేది మాత్రం ఆడేవాడి చేతివాటాన్ని బట్టి ఉంటుంది. నేను జాంబీని చెయ్యి అందేంత దూరం రానివ్వను. ఒకడుగు వెనక్కేసి కొడతాను, ఇద్దరికంటే ఎక్కువుంటే జారుకుంటాను, మలుపు తిరిగేముందు వెనక్కి చూస్తాను. కాబట్టి నాకు చర్మం మందంగా ఉన్నా పల్చగా ఉన్నా ఒకటే. ఆ 8 పాయింట్లు నాకు ఊరికే వచ్చాయి. ఇంకోలా చెప్పాలంటే, ఎన్నో చావుల్లో నేర్చుకున్నదాన్ని కుదవ పెట్టి ఆ పాయింట్లు తెచ్చుకున్నాను. వాడి దగ్గర కుదవ పెట్టడానికేముంది? వాడికి ఆ 8 పాయింట్లు పెద్ద అప్పు. అది కూడా మొదటి పది నిమిషాల్లోనే తలుపు తట్టే అప్పు.

మన భాషలో చెప్పుకోవాలంటే, "నా మెషిన్లో పని చేస్తోంది" అని చెప్పి కోడ్ చేతిలో పెట్టినట్టన్నమాట. నా మెషిన్లో ఏమేం ఇన్‌స్టాల్ అయ్యున్నాయో నాకే గుర్తులేదు. నా వేళ్ళకి అలవాటైపోయినవన్నీ నేనసలు లెక్కలోకే తీసుకోలేదు. ఆరితేరినవాళ్ళు తయారు చేసిన "బెస్ట్ బిల్డ్" జాబితాలన్నిట్లోనూ ఉన్న లోపం ఇదే అని నా అభిప్రాయం. అవి అబద్ధాలు కావు. కాకపోతే వాటి అడుగున కనిపించని షరతొకటుంటుంది: ఇది రాసినవాడిలా ఆడగలిగితేనే అని.

"చస్తూ చస్తూనే నేర్చుకోవాలి, అదే ఈ ఆటలో మజా" అని కొందరంటారు. ఒప్పుకుంటాను. నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ చావులోంచి నేర్చుకోవాలంటే, ఎందుకు చచ్చామో తెలియాలి. మా వాడు ఆరు సార్లు చచ్చి నేర్చుకున్నదేంటో తెలుసా? "ఈ ఆట నాకు సెట్టవ్వదు" అని! పరుగెత్తడం వల్ల చచ్చాడా, చర్మం వల్లా, వెనక్కి చూడకపోవడం వల్లా, ఎక్కువగా కంట్లో పడటం వల్లా... ఏది ఎంత పాపం చేసిందో విడదీసి చూసే దారే లేదు వాడికి. ఒకేసారి పది మార్పులు చేసి చెక్-ఇన్ చేశాక బిల్డ్ పగిలితే మనం ఏం పీకుతాం? ముందు ఒక్కొక్కటే వెనక్కి తీస్తాం. కొత్తవాడికి ఐదు అవలక్షణాలు అంటగట్టి, చచ్చి నేర్చుకో అనడం ఆ పది మార్పుల చెక్-ఇన్‌ని డీబగ్ చేసుకో అనడమే.

మరైతే ఏం ఎంచుకోవాలి? ఆదివారం పొద్దున్న వాడూ నేనూ కూర్చుని కొత్తగా మొదలుపెట్టాం. ముందు నేనన్నది, అసలేమీ ఎంచుకోవద్దని. అగ్నిమాపక ఉద్యోగి సున్నాకే వస్తాడు. దేహదారుఢ్యంలో ఒకటి, బలంలో ఒకటి, పరుగులో ఒకటి, గొడ్డలి వాడకంలో ఒకటి ఎక్కువిస్తారు. అవలక్షణం ఒక్కటీ లేదు. మొదటి రెండు మూడు జన్మలకి అంతకంటే మంచి మనిషి ఉండడని ఇప్పటికీ నా నమ్మకం. వాడు మొహం ముడుచుకుని, "అంత చప్పగానా అన్నా!" అన్నాడు. అదీ నిజమే. ఆ తెర మీద కూర్చుని మనిషిని తయారు చేసుకోవడం కూడా ఆటలో భాగమే. పెళ్ళికెళ్ళి మంచినీళ్ళు తాగి రమ్మంటే ఎవరికి నచ్చుతుంది?

సరే అని ప్రతి అవలక్షణాన్నీ రెండు ప్రశ్నలడిగాం. ఒకటి, దీని బిల్లు ఎప్పుడొస్తుంది? రోజూ కొంచెం కొంచెంగానా, లేక ప్రాణం మీదికొచ్చిన క్షణాన మొత్తం ఒకేసారా? రెండు, ఆ బిల్లు నా కంటికి కనిపిస్తుందా?

ఈ రెండు ప్రశ్నలతో జల్లెడ పడితే జాబితా దానంతటదే విడిపోయింది.

స్మోకర్, 4 పాయింట్లు. సిగరెట్ తాగకపోతే మనిషికి చికాకు పెరుగుతుంది. ఆ చికాకు గుర్తు తెర మీద కనిపిస్తుంది. చచ్చిన జాంబీల జేబుల్లోనే సిగరెట్లూ లైటర్లూ దొరుకుతాయి. రోజువారీ బిల్లు, కంటికి కనిపించే బిల్లు. ఉంచాం. (ఆటలో మాత్రమే. బయట ఆ బిల్లు వేరే రకంగా వస్తుంది, నన్ను తిట్టకండి.)

ఓవర్‌వెయిట్, 6. దేహదారుఢ్యం ఒకటి తగ్గుతుంది. అగ్నిమాపక ఉద్యోగానికి వచ్చే ఒకటితో అది చెల్లు. పైగా మనిషి 95 కిలోలతో మొదలవుతాడు, తిండి తగ్గించి, ఒళ్ళు వంచి 85కి దిగువకి తెస్తే ఆ అవలక్షణమే పోతుంది. ఇది తీర్చేసుకోగలిగిన అప్పు. దాన్ని వదులుకోవడం పాపం.

స్లో రీడర్, 2. పుస్తకాలు నెమ్మదిగా చదువుతాడు. ఒంటరిగా ఆడేటప్పుడు కాలాన్ని ముందుకు తోసుకోవచ్చు కాబట్టి పెద్ద నష్టం లేదు. దీన్నీ, 8 పాయింట్లిచ్చే ఇల్లిటరేట్‌నీ కలగలపకండి. ఆ నిరక్షరాస్యుడు పుస్తకాలసలు చదవలేడు. ఈ ఆటలో ఏ పని తొందరగా నేర్చుకోవాలన్నా పుస్తకాలే దిక్కు.

వీక్ స్టమక్, 3. పాడైన తిండి తింటే ఒళ్ళు పాడవుతుంది. తినకపోతే సరి. మొదటి రోజుల్లో కరెంటుంటుంది, ఫ్రిజ్‌లు పనిచేస్తాయి, అల్మారాల నిండా డబ్బా తిండి.

వెరసి 15.

వద్దనుకున్నవి: థిన్ స్కిన్డ్, స్లో హీలర్, కాన్‌స్పిక్యుయస్, వినికిడికి సంబంధించినవి, వీక్, అన్‌ఫిట్, ఆస్త్మాటిక్. వీటన్నిటికీ ఒకే గుణం ఉంది. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ నోరెత్తవు, గొడవలో ఉన్నప్పుడే వచ్చి గొంతు పట్టుకుంటాయి. అగోరఫోబిక్, క్లాస్ట్రోఫోబిక్ రెండూ చెరో 4 ఇస్తాయి. మొదటిదుంటే ఆరుబయట భయం, రెండోదుంటే నాలుగ్గోడల మధ్య భయం. భయమెక్కువైతే దెబ్బలో పస తగ్గుతుంది. కొత్తవాడు బయట తిరగాలి, ఇళ్ళల్లో వెతకాలి. ఏది పెట్టుకుంటే ఏం సుఖం?

సుగుణాల దగ్గర కూడా ఇలాంటి మెలికే ఉంది. ఫాస్ట్ లెర్నర్ 6 పాయింట్లు. ఏం చేసినా తొందరగా నేర్చుకుంటాడు. మన ఇంజినీర్లందరి చెయ్యీ ముందు దాని మీదికే వెళ్తుంది, నాది కూడా వెళ్ళింది. కానీ అది చక్రవడ్డీ లాంటిది, పెరగడానికి కాలం కావాలి. రెండో రోజు చచ్చేవాడికి చక్రవడ్డీ ఎందుకు? వాడికి కావాల్సింది ఆ రెండో రోజు ఆదుకునేది. అందుకని కీన్ హియరింగ్ 6 కొన్నాం. వెనకనుంచి వచ్చేవి మామూలు కంటే ముందే తెలుస్తాయి. వెనక్కి చూసే అలవాటు లేనివాడికి అంతకంటే మందేముంది? స్టౌట్ 6, బలం రెండు మెట్లు పెరుగుతుంది. బలం, దేహదారుఢ్యం ఆటలో పెంచుకోవాలంటే నెలలు పడుతుంది కాబట్టి మొదట్లోనే కొనుక్కోవడం లాభం. వడ్రంగమో వంటో ఐతే టీవీ చూసి, పుస్తకం చదివి నేర్చుకోవచ్చు. మిగిలిన దాంట్లో డెక్స్‌ట్రస్ 2. సంచీలోకి సామాను గబగబా సర్దుకుంటాడు. జాంబీ తలుపు కొడుతుంటే ఆ గబగబకి విలువుంటుంది. 14 ఖర్చు, 1 మిగులు.

ఇక్కడే చిన్న గొడవొచ్చింది. లెక్క ప్రకారం ఇంకో అవలక్షణం కూడా కొత్తవాడికి దాదాపు ఉచితం. స్లో లెర్నర్, 6 పాయింట్లు. ఫాస్ట్ లెర్నర్ ఎందుకు దండగో అదే కారణానికి ఇది లాభం. వారంలోపు చచ్చేవాడు నెమ్మదిగా నేర్చుకుంటే పోయేదేముంది? నేను హుషారుగా దాని మీద క్లిక్ చెయ్యమన్నాను. వాడు చెయ్యలేదు.

"అది వద్దన్నా" అన్నాడు.

"ఎందుకురా? లెక్క చూడు, ఆరు పాయింట్లు ఊరికే వస్తున్నాయి."

కాసేపాగి చెప్పాడు. వాడు తెలుగు మీడియంలో చదువుకుని ఇంజినీరింగుకొచ్చాడు. మొదటి ఏడాది పాఠం అర్థం కాక రెండోసారి అడిగినప్పుడల్లా ఒక లెక్చరర్ క్లాసందరి ముందూ స్లో లెర్నర్ అనేవాడట. నాలుగేళ్ళూ ఆ పేరుతోనే వెనక నవ్వేవాళ్ళట. "ఆ మాట నా మనిషి పక్కన పెట్టుకుని ఆడలేనన్నా" అన్నాడు. నేను అదే కాలేజీలో రెండేళ్ళు ముందున్నాను. వాడితో కలిసి టీలు తాగాను. ఈ సంగతి నాకు తెలియనే తెలియదు.

లెక్క ప్రకారం నేనే రైటు. ఇప్పటికీ నేనే రైటు. కానీ ఆ క్షణంలో నా లెక్కలో ఒక కాలమ్ తక్కువైందని తెలిసింది. ఈ మనిషిని వాడు బతికించుకోవాలి. రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచొచ్చి, వాడికి అన్నం పెట్టి, నీళ్ళు పట్టి, తలుపులకి చెక్కలు కొట్టుకోవాలి. బతికించుకోవాలని అనిపించని మనిషిని ఎన్ని పాయింట్లకి తయారు చేసుకుంటే ఏం లాభం? ఆరు పాయింట్లు వదిలేశాం. వాడు సున్నాకి పైన ఒక్క పాయింటుతో, రోజ్‌వుడ్‌లో మొదలయ్యాడు.

ఇంకో అభ్యంతరం కూడా చెప్పి ముగిస్తా. "ఇంత లెక్కలెందుకు, సాండ్‌బాక్స్ సెట్టింగుల్లో ఉచిత పాయింట్లు ఇచ్చుకుని అన్ని సుగుణాలూ కొనేసుకుంటే పోలా?" అని. పోతుంది, తప్పేం లేదు. మీ ఆట మీ ఇష్టం. నా ఇబ్బందల్లా ఒకటే. పది సుగుణాలతో మొదలైతే నిన్ను కాపాడుతున్నది ఏదో నీకు తెలియదు. ఐదు అవలక్షణాలతో మొదలైతే నిన్ను చంపుతున్నది ఏదో తెలియనట్టే. అవి రెండు మూడుంటే, వాటి బిల్లు కంటికి కనిపిస్తుంటే, ఆట నేర్పుతుంది. కష్టం తగ్గించుకోవాలంటే జాంబీల సంఖ్య తగ్గించుకోండి, లేదా సర్వైవర్, బిల్డర్ లాంటి తేలికపాటి పద్ధతులున్నాయి, అవి ఎంచుకోండి. మనిషిని మాత్రం మనిషిలాగే ఉంచండి.

ఇదంతా ఒక ఆట గురించేనా అని మీకు అనిపిస్తే, కాదని నేనొప్పుకుంటా. టీములోకి కొత్తగా వచ్చిన పిల్లలకి మనం చేసేది కూడా ఇదేగా. మన సెటప్పు, మన షార్ట్‌కట్లు, మనం టెస్టులు రాయకుండా నెట్టుకొచ్చే పద్ధతి అన్నీ ఒక డాక్యుమెంటులో పెట్టి "ఇది ఫాలో అవ్వు, తిరుగులేదు" అంటాం. టెస్టుల్లేకుండా మనకి ఎందుకు చెల్లుతోందంటే, ఏ ఫైలు ముట్టుకుంటే ఏది పేలుతుందో ఏళ్ళ తరబడి చూసి ఉన్నాం కాబట్టి. వాళ్ళు మొదటి వారంలోనే ప్రొడక్షన్‌ని పడుకోబెడితే, వీడికి సెట్టవ్వదు అనుకుంటాం. వాళ్ళూ అదే అనుకుంటారు. నాకు నేను చెప్పుకుంటున్నది ఒకటే: ఎవరైనా ఏం పెట్టుకోవాలని అడిగితే, జాబితా పంపేముందు వాళ్ళు ఆడటం ఒక పది నిమిషాలు చూడాలి.

అన్నట్టు మా వాడి సంగతి. ఆ అగ్నిమాపకుడు ఎనిమిది రోజులు బతికాడు. ఈ ఆటలో మామూలు సెట్టింగులతో ఆడితే మొదటి పది రోజుల్లోపు ఒకసారి హెలికాప్టరొకటి వస్తుంది. అది మన నెత్తిమీద తిరుగుతుంటే ఆ చప్పుడుకి చుట్టుపక్కల జాంబీలన్నీ మన వైపు కదులుతాయి. వాడు చప్పుడు విని, చూద్దామని బయటికొచ్చాడు. ఇంక చెప్పేదేముంది.

ఫోన్ చేశాడు. నేను ఓదార్చడానికి సిద్ధమయ్యా. వాడు నవ్వుతున్నాడు. "తప్పు నాదేనన్నా. లోపలే కదలకుండా కూర్చోవాల్సింది. బయటికెళ్ళి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డా" అన్నాడు. ఎందుకు చచ్చాడో వాడికి తెలుసు. నాకు అంతకంటే ఏం కావాలి!

ఆ రాత్రే ఇంకో మనిషిని తయారు చేసుకున్నాడు. నన్నడగలేదు. స్మోకర్ తీసేశాడట, మొదటి రోజంతా లైటర్ కోసం వెతుక్కోవడం విసుగ్గా ఉందని. దాని బదులు హై థర్స్ట్ పెట్టుకున్నాడు, 6 పాయింట్లు. కుళాయిల్లో నీళ్ళు ఆగేలోపు వానతొట్లు కట్టుకుంటానన్నాడు. మిగిలిన వాటితో వేక్‌ఫుల్ కొన్నాడు. నన్నడిగితే స్మోకరే మేలనేవాణ్ణి. నోటిదాకా వచ్చింది, మింగేశా.

ఈ టపా రాసే సమయానికి ఆ మనిషికి పంతొమ్మిదో రోజు. ఇంకా బతికే ఉన్నాడు.